ఆసా రాజు కాళ్ళు, అసిరమ్మ మాత్రలు

మా క్వార్టరుకీ శంకరరావు క్వార్టరుకీ మధ్య ఉన్నది ఒకటే గోడ. గోడలకి చెవులుంటాయంటారు. ఈ గోడకున్న చెవులు నావే, దాచుకోవడం దేనికి? ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో పోపు ఎప్పుడు వేశారో, ఉషారాణి మొగుడి మీద ఎందుకు అలిగిందో నాకు తెలుసు. శంకరరావు చెప్పే ప్రసంగాలు కూడా తెలుసు. మేము నూకాలమ్మని కొలిచేవాళ్ళం, వాళ్ళు క్రైస్తవులు. అయినా వాళ్ళ మందిరంలో జనం ఆదివారం వినే ప్రసంగాన్ని నేను శనివారం సాయంత్రమే వినేసేదాన్ని.

ఎలాగంటే, శంకరరావుది ఒక చిత్రమైన పద్ధతి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళ ప్రార్థన మందిరం ఒకటుంది. మందిరమంటే నలభై మంది కూర్చుంటే నిండిపోయే రేకుల షెడ్డు. పాస్టరు అయ్యగారు నెల మొదటి ఆదివారం రాయపూర్ నుంచి వస్తారు. మిగతా ఆదివారాలు సంఘ పెద్ద నూకరాజు వాక్యం చెబుతాడు. నాలుగో ఆదివారం ఒక్కటే శంకరరావుది. ఆ అరగంట మాట్లాడడానికి ఈ మనిషి నెలంతా కూర్చునేవాడు. డ్యూటీ దిగి వచ్చి, చేతుల గ్రీజు వదిలేదాకా రుద్దుకుని, పాత డ్యూటీ కాయితాల వెనక వైపు పెన్సిలుతో రాసుకునేవాడు. రాసింది కొట్టేసేవాడు. మళ్ళీ రాసేవాడు. శనివారం సాయంత్రం వంటింటి గుమ్మంలో కూర్చుని, కూర తరిగే పెళ్ళానికి మొత్తం చదివి వినిపించేవాడు. ఆవిడ తరుగుతూ ఉంటే ఆ ముక్క ఉంచినట్టు. కత్తిపీట చప్పుడు ఆగిందా, ఆయన గుండె ఆగినట్టే.

"ఏటే, ఆపీసినావు?"

"మరి నాకు అర్దం కాలేదు. నాకే కాకపోతే ఆ ముసిలోళ్ళకేటి అవుతాది?"

అంతే, పెన్సిలు బరబరా గీకిన చప్పుడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "అరగంటకి నెల్లాళ్ళేటి శంకరం? నూకరాజు అయితే మందిరం మెట్లెక్కుతా ఆలోసించుకుంటాడంట కదా."

ఆయన నవ్వాడు గానీ కళ్ళు నవ్వలేదు. "మా పిల్లలకి తెలుగు సదవడం రాదు వదినా, హిందీయే. ముసిలోళ్ళకి సూపు ఆనదు. నాను సెప్పింది గ్రంథంలో ఉందో లేదో తెరిచి సూసీవోళ్ళు ఆ సెడ్డులో ముగ్గురే ముగ్గురు. అంటే నాను ఏటి సెపితే అదే దేవుడి మాట అయిపోతాది. బయమేస్తాది నాకు."

ఇంత కష్టపడి చెప్పినా వాటిలో రుచి ఉండేది కాదు, నిజం చెప్పాలి కదా. ఆ ఊరు ఈ ఊరికి ఎంత దూరం, ఆ రాజు తండ్రి ఎవరు, ఈ మాట ఎవరితో ఎప్పుడు అన్నాడు, ఇవే. "శంకరం వాక్యం సెపితే నిద్దర మాత్ర అక్కర్లేదురా" అని నూకరాజు అందరి ముందూ అనేవాడు. శంకరరావు తల వంచుకుని కాయితాలు మడత పెట్టుకునేవాడు.

ఆయన ఉద్యోగం కూడా అలాంటిదే. తండ్రి టెక్కలి వైపు నుంచి ఖలాసీగా వచ్చాడు. ఈయన రైల్వే బడిలో తెలుగు మీడియం ఎనిమిది చదివి, తర్వాత హిందీలో కుస్తీ పట్టి, యార్డులో చేరి, అంచెలంచెలుగా సంతకం పెట్టే స్థాయికి వచ్చాడు. కోర్బా బొగ్గు బండికి యాభై ఎనిమిది డబ్బాలుంటాయి. బండి కదిలే ముందు ప్రతి డబ్బా కిందకీ వంగి చక్రం, బ్రేకు, గొట్టం చూడాలి. అన్నీ బాగుంటేనే 'ఫిట్' కాయితం మీద సంతకం. ఆ సంతకం లేకపోతే డ్రైవరు బండి తీయడు. ఎండలో ఆ బండి ఆ చివరినుంచి ఈ చివరికి నడిస్తే ముప్పావు కిలోమీటరు. అవతలి వైపు మళ్ళీ అంత. ఒక డబ్బా వదిలేసి సంతకం పెట్టాడని ఆయన మీద మాట రాలేదు ఇంతవరకూ.

అలాంటి మనిషి ఇంట్లో ఒక నాలుగో శనివారం గోడ అవతల మాట లేదు, మంతి లేదు. కత్తిపీట మాత్రం టకటకా వినిపిస్తోంది. చెవి ఆనించి చూశాను. ఏమీ లేదు. నాకు అన్నం సయించలేదంటే నమ్మండి. పెరట్లో గిన్నెలు తోముతున్నట్టు నటిస్తూ ఉషారాణిని అడిగాను.

"ఏటమ్మా, ఈ వారం వాక్యం లేదేటి?"

"ఆయనకి తెలివుంటే కదా వదినా! యార్డులో మనుషుల్లేరంట, నెలంతా డబుల్ డ్యూటీ. సూడు, కూకునే నిద్దరోతన్నాడు."

మర్నాడు మధ్యాహ్నం మందిరం నుంచి వచ్చేవాళ్ళ ముఖాలు చూసి ఆశ్చర్యపోయాను. ఎప్పుడూ ఆవలింతలతో వచ్చేవాళ్ళు ఆ రోజు గట్టిగా మాట్లాడుకుంటూ, చేతులు ఊపుకుంటూ వస్తున్నారు. నూకరాజు శంకరరావు భుజం మీద చెయ్యేసి నడిపిస్తున్నాడు, పెళ్ళికొడుకుని తెచ్చినట్టు.

"ఇన్నాళ్ళకి నీకు అగ్గి అంటుకున్నాదిరా! ఏం సెప్పినావురా! రేకులు ఎగిరిపోతాయనుకున్నాను."

శంకరరావు ముఖంలో సిగ్గూ సంతోషమూ కలిసిపోయి ఉన్నాయి. ఏం చెప్పాడో తెలుసుకోవాలని నాకు కడుపు ఉబ్బరించింది గానీ, మా ఇంట్లో చుట్టాలు. ఆ సంగతి అక్కడికి మరుగున పడింది.

తొమ్మిది రోజులు గడిచాక, మంగళవారం పూట అసిరమ్మ పిన్ని మా ఇంటికి వచ్చింది. ఆవిడ పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ భార్య, భర్త పోయి ఆరేళ్ళయింది. రెండో లైనులో కొడుకు క్వార్టరులో ఉంటుంది. ఆవిడదీ అదే మందిరం, నాకు మాత్రం వరసకి పిన్ని. వచ్చి కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగింది. కబుర్లు మొదలెట్టి ఇంకో చెంబు. బుధవారీ బజారులో వంకాయల ధర చెబుతూ మూడోది.

"ఏటి పిన్నీ, ఎండలు కూడా లేవు. ఇన్ని నీళ్ళేటి?"

"దాహమే అమ్మా. గొంతుక పిడసకట్టుకుపోతాంది." కాలు చాపింది. బొటనవేలి పక్కన చెప్పు కరిచిన పుండు, రూపాయి బిళ్ళంత. చుట్టూ నల్లబడింది.

ఆవిడకి పదేళ్ళుగా షుగరు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మాత్ర. నాకు అనుమానం వచ్చింది. "మాత్ర ఏసుకుంటన్నావా పిన్నీ?"

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మానీసినాను. కొడుకుకి సెప్పకేం. రోజూ రెండు మాత్రలు తీసి కరేపాకు సెట్టు మొదట్లో పాతెడుతున్నాను. ఆడు అట్ట ఖాళీ అయింది సూసుకుని ఊరుకుంటాడు."

"ఓలమ్మో! ఎందుకే?"

"దేవుడు సెప్పినాడు. ఆసా రాజు అని ఒకడుండీవోడంట. కాళ్ళకి జబ్బు సేసింది. దేవుణ్ణి అడక్కుండా వైద్దుల దగ్గిరికి పోయినాడు, సచ్చిపోయినాడు. శంకరం వాక్యం సెప్పే బల్ల దగ్గిర నిలబడి నా కాళ్ళకేసే సూసి సెప్పినాడు. 'మాత్ర మింగీవోడు అపనమ్మకం మింగుతున్నాడు' అన్నాడు. ఒళ్ళు జలదరించినాది."

నేను ఆవిడని కూర్చోమని, కొంగు దోపుకుని పక్కింటికి పరుగెత్తాను. శంకరరావు అప్పుడే అన్నానికి కూర్చున్నాడు. విషయం చెప్పాను. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. మింగాడో లేదో, లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"ఏటి, నువ్వు అలా అన్నావా?" ఉషారాణి అడిగింది. ఆ ఆదివారం ఆవిడ జ్వరంతో ఇంట్లోనే ఉండిపోయింది.

ఆయన గోడకేసి చూస్తూ చెప్పాడు. ఆదివారం పొద్దున లేచేసరికి చేతిలో ఏమీ లేదు. ఫోనులో ఎవరో ఒకాయన అరుస్తూ చెప్పిన ప్రసంగం దొరికింది, పది నిమిషాలది. స్నానం చేస్తూ విన్నాడు, బట్టలు వేసుకుంటూ మళ్ళీ విన్నాడు, వెళ్ళి అదే చెప్పేశాడు. అరవడం కూడా అలాగే అరిచాడు. జనం ఊగిపోయారు.

"గ్రంథం తెరిసినావా?" ఉషారాణే మళ్ళీ అడిగింది.

"ఆ ఒక్క వచనం సూసినాను. ఉన్నాది. వైద్దుల దగ్గిరికి పోయినాడని రాసే ఉన్నాది."

"ముందేటుంది, ఎనకేటుంది?"

శంకరరావు తడి చెయ్యి తుడుచుకున్నాడు.

ఉషారాణి నెమ్మదైన మనిషి. ఆ రోజు మాత్రం గరిటె కింద పెట్టి ఒకటే మాట అంది. "బొగ్గుకి యాబై ఎనిమిది డబ్బాలూ వంగి సూస్తావు. మనుషులకి ఒక్క డబ్బా సూసి పచ్చ జెండా ఊపీసినావు."

చొక్కా బొత్తాలు పెట్టుకోకుండానే ఆయన మా ఇంట్లోకి వచ్చేశాడు. నన్నెవరూ పిలవలేదు, అయినా నా ఇల్లే కదా, వెనకే వచ్చాను.

"పిన్నీ, నాను సెప్పింది తప్పు. సరిగ్గా సదవకుండా సెప్పీసినాను. నీ కాళ్ళు మొక్కుతాను, మాత్రలు ఏసుకో."

అసిరమ్మ ఆయన్ని పైకీ కిందకీ చూసింది. "తప్పేటి?"

"మాత్ర మానీమని దేవుడు అనలేదు."

"అన్నాడు. నా సెవులతో విన్నాను. నువ్వే సెప్పినావు."

"నానే సెపుతున్నాను పిన్నీ, అది తప్పు."

"సూడు నాయినా." ఆవిడ నిదానంగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "ఆ రోజు నువ్వు బల్ల దగ్గిర నిలబడి, గ్రంథం సేత్తో పట్టుకుని సెప్పినావు. అది దేవుడి మాట. ఇప్పుడు బనీను కనపడేటట్టు ఈ అప్పయమ్మ ఇంటి గుమ్మంలో నిలబడి సెపుతున్నావు. ఇది శంకరం మాట. ఏది వినాల నాను?"

ఆ మందిరంలో ఉన్న బల్ల, పాత రైలు పెట్టె చెక్కతో చేసిన నడుమెత్తు బల్ల, దాని మీద నుంచి వచ్చిన మాటని ఇంతవరకూ ఎవరూ కాదన్నది లేదు. అడిగే అలవాటే లేదు అక్కడ.

"అయ్యగారికి ఫోను సేసి సెప్పిస్తాను."

"ఫోన్లో మాట కూడా ఫోన్లో మాటే. బల్ల మీద మాట కాదు." ఆవిడ లేచి, కాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది. కొడుక్కి చెబుతానని నేను బెదిరిస్తే, "సెప్పు. ఆడు నోట్లో ఏస్తాడు, నాను ఊసీస్తాను" అంది.

సాయంత్రం శంకరరావు నూకరాజు దగ్గరికి వెళ్ళాడు. వచ్చే ఆదివారం నూకరాజుది. అందులో పది నిమిషాలు ఇమ్మని అడిగాడు. వాళ్ళిద్దరూ మా వీధి కుళాయి దగ్గరే నిలబడి మాట్లాడుకున్నారు, నా బిందె ఎంతకీ నిండలేదు.

"మతి ఉందేటిరా నీకు? ఉన్నదొక్కటే మంచి ప్రసంగం సెప్పినావు జన్మకి. దాన్నే తప్పంటావా?"

"తప్పు కాబట్టి అంటాను మావయ్యా."

"బల్ల దగ్గిర నిలబడి తప్పయిపోయిందంటే, రేపట్నించి నాను ఏటి సెప్పినా 'నూకరాజు మావయ్యా, ఇది కూడా తప్పేనా' అనడుగుతారు."

"అడగనీ."

"అడగనీ అంటావేటి! ఒక్క ముసిల్దాని కోసం సంఘం అంతా నవ్వాలా?"

"ఆ ముసిల్ది సచ్చిపోతే నవ్వరులే."

నూకరాజు విసుక్కుని వెళ్ళిపోయాడు. నీ వంతు వచ్చేదాకా ఆగు అన్నాడు. శంకరరావు వంతు అంటే ఇంకా మూడు వారాలు.

ఆ రోజు నుంచి గోడ అవతల మళ్ళీ పెన్సిలు చప్పుడు మొదలైంది. వంతు లేదు, అడిగినవాడు లేడు, అయినా రాస్తున్నాడు. నాకు ఇదేదో తెలుసుకోవాలని ఆరాటం. గురువారం మా ఆడపడుచుని చూడడానికి మోప్కా బయల్దేరితే, ఆటోలో ముందే కూర్చుని ఉన్నాడు.

"నువ్వెక్కడికి శంకరం?"

"మోప్కాలో ఒక వైద్దుడున్నాడంట, నాటు మందులు ఇస్తాడు. అంజీరు పళ్ళ గురించి అడగాల."

"అంజీరా! ఎవరికి?"

"ఒక రాజుగారికి. కురుపు లేసింది."

నేను ఆడపడుచు సంగతి మర్చిపోయి ఆయన వెంటే నడిచాను. వైద్యుడు ముసలాయన, ఇంటి ముందు ఎండు వేళ్ళు దంచుతున్నాడు. శంకరరావు హిందీలో అడిగాడు. అంజీరు పళ్ళు ముద్దగా నూరి కురుపు మీద కట్టడం అనేది ఉందా, ఉత్తదా? ముసలాయన అవునన్నట్టు 'హవ్' అన్నాడు. వాళ్ళ తాత కట్టేవాడట. కురుపు మెత్తబడి చీము కారిపోతుందట. రోగి ఎక్కడ అని అడిగాడు.

"చనిపోయాడు. రెండువేల ఏడొందల ఏళ్ళయింది."

వైద్యుడు రోకలి ఆపి నా వైపు చూశాడు, ఈయన్ని ఎక్కడికైనా చూపిస్తున్నారా అన్నట్టు. అప్పుడు శంకరరావు అసిరమ్మ కాలు సంగతి కూడా చెప్పాడు. ముసలాయన రెండు చేతులూ ఊపేశాడు. షుగరు ఉన్న కాలైతే నా గుమ్మం తొక్కించకండి, నేను ముట్టుకోను, ఆసుపత్రికి తీసుకుపోండి అన్నాడు.

తిరిగి వస్తూ అడిగాను. "రాసి ఉన్నాది కదా గ్రంథంలో. మళ్ళీ ఈ ముసిలాయన్ని అడగడం ఏటి?"

"రాసి ఉన్నాది. రాజుకి సావొచ్చే జబ్బు సేసింది, ప్రార్థన సేసినాడు. బతుకుతావని దేవుడు మాటిచ్చినాడు. ఆ మాట తెచ్చిన ప్రవక్తే మళ్ళీ అంజీరు ముద్ద కట్టమన్నాడు. ఆ ముద్ద మంత్రమా, మందా? మందే అయితే నాకు కావాల. ఊరికే అనీసి మళ్ళీ ఇంకొక తప్పు సేయలేను వదినా."

మేము కాలనీ చేరేసరికి రెండో లైనులో జనం మూగి ఉన్నారు. అసిరమ్మ కూరగాయల బండి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. ఎవరో అప్పటికే రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వెళ్ళి చూస్తే మంచం మీద కూర్చుని ఉంది, కాలికి కొత్త కట్టు. షుగరు నాలుగొందల ఎనభై. డాక్టరమ్మ వేలు చూపించి, ఇంకో నాలుగు రోజులు ఇలాగే ఉంటే ఈ వేలు గురించి ఆలోచించాల్సి వస్తుంది, తర్వాత పాదం గురించి అంది. కొడుకు తల పట్టుకున్నాడు. సూది ఇవ్వబోతే ఆవిడ చెయ్యి లాగేసుకుందట. సెలైను మాత్రం ఎక్కించుకుంది. "అది ఉప్పు నీళ్ళే కదా" అందట.

నూకరాజు కూడా అక్కడే ఉన్నాడు. "కట్టు కట్టించుకున్నావు కదే! మాత్ర మింగితే ఏటి?" అని గదమాయించాడు.

"కట్టు పైన ఉంటాది. మాత్ర లోపలికి పోతాది. నమ్మకం లోపలే ఉంటాది కదా."

"ఓసి నీ నమ్మకం పాడుగాను! పెద్దోణ్ణి, నాను సెపుతున్నాను, మింగు."

"నువ్వూ బల్ల మీద సెప్పు, మింగుతాను. కావాలంటే ఆదివారం నన్ను మోసుకుని తీసుకుపోండి. దేవుడు ఒకసారి సెప్పి, మళ్ళీ మార్సుకున్నాడంటే ఆ బల్ల మీదే మార్సుకోవాల."

నూకరాజు వరండాలోకి వచ్చాడు. జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఆవిడ భర్తా ఈయనా రైల్వేలో ఒకే బ్యాచ్. శంకరరావు వైపు తిరిగి, మొహం చూడకుండా అన్నాడు. "నా ఆదివారం మొత్తం నువ్వే తీసుకో. పది నిమిషాల్లో అయ్యే పని కాదిది. నవ్వితే నిన్నే నవ్వుతారు, నన్ను మధ్యలోకి లాగకు."

శుక్ర, శనివారాలు ఆయన సెలవు పెట్టాడు. గోడ అవతల ఒకటే చదువు. శనివారం సాయంత్రం వంటింట్లో చదివి వినిపించాడు. కత్తిపీట మూడుసార్లు ఆగింది. మూడోసారి ఉషారాణి గొంతు వినిపించింది.

"'పొరపాటు దొర్లినాది' అంటావేటి? అదే దొర్లినాదా, నువ్వు సేసినావా?"

పెన్సిలు గీకిన చప్పుడు.

ఆదివారం నేనూ వెళ్ళాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ షెడ్డులో అడుగు పెట్టాను. చెప్పుల దగ్గర వెనక బెంచీ మీద కూర్చున్నాను. అసిరమ్మని కొడుకు ఆటోలో తెచ్చి ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. మాత్రల అట్ట వాడి చొక్కా జేబులో ఉంది. పొద్దున కాఫీ కూడా తాగకుండా వచ్చిందట, ఉపవాసం అని.

జనం కిటకిటలాడుతున్నారు. పోయినసారి లాగా రేకులు ఎగరగొడతాడని అందరి ఆశ. శంకరరావు బల్ల దగ్గర నిలబడ్డాడు. కాయితాలు బల్ల మీద పరిచాడు.

"వందనాలండీ. పోయిన నాలుగో ఆదివారం ఇదే బల్ల దగ్గిర నిలబడి ఆసా రాజు గురించి సెప్పినాను. నాను సెప్పింది తప్పు. గ్రంథంలో తప్పు లేదు. తప్పు నాది. ఒక్క వచనం సూసి, దాని ముందు ఉన్నది సదవకుండా, ఎవరో అన్న మాట తెచ్చి మీకు దేవుడి మాట అని పెట్టినాను."

ఎవరో కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నూకరాజు నేలకేసి చూస్తూ దగ్గాడు.

ఆయన అరవలేదు. వంటింట్లో పెళ్ళానికి చెప్పినట్టే చెప్పాడు. ఆసా పడుచు వయసులో ఉండగా లెక్కలేనంత సైన్యం మీదకి వస్తే, నాకు చేత కాదు నువ్వే దిక్కు అని దేవుణ్ణి పిలిచాడు, గెలిచాడు. ముసలితనంలో పక్క ఊరి రాజు దారి మూసేస్తే మాత్రం దేవుణ్ణి పిలవలేదు. దేవుడి మందిరంలో ఉన్న వెండీ బంగారమూ ఊడ్చి, పరాయి రాజుకి పంపి, కాపాడమన్నాడు. ఇది తప్పు అని చెప్పడానికి ఒక ప్రవక్త వస్తే, ఆయన్ని జైల్లో వేయించాడు.

"ఆ తరవాత కాళ్ళకి జబ్బు సేసింది. అప్పుడైనా దేవుడి వైపు తిరగలేదు. ఆ రాజు జబ్బు కాళ్ళలో మొదలవలేదు, సెవుల్లో మొదలయ్యింది. వైద్దుల్ని పిలవడం తప్పని అక్కడ రాయలేదు. దేవుణ్ణి పిలవకపోవడమే అక్కడ రాసింది."

నేను ముందుకి వంగి వింటున్నానని తర్వాత తెలిసింది, ముందు బెంచీ ఆవిడ జడ నా మొహానికి తగిలితే. కథ కథే కదా. ఆ ప్రవక్త జైల్లోంచి బయటికి వచ్చాడా లేదా అని నాకు ఇప్పటికీ కుతూహలమే.

తర్వాత అంజీరు పళ్ళ రాజుగారి సంగతి చెప్పాడు. ప్రార్థన విని ఆయుష్షు పెంచిన దేవుడే, మందు కట్టనిచ్చాడు. "అది మందేనా అని మోప్కాలో అడిగి వచ్చినాను. మందే" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు, కోపంగా కాదు. సువార్త చాటిన ఒక అపొస్తలుడి వెంట ఊరూరా తిరిగినవాళ్ళలో ఒక వైద్యుడు ఉన్నాడని, ఆయన్ని ప్రియమైనవాడని పిలిచారని కూడా చెప్పాడు.

అప్పుడు అసిరమ్మ కుర్చీలోంచి లేచింది. కొడుకు కొంగు పట్టుకున్నాడు, విదిలించుకుంది. ఆ మందిరంలో ప్రసంగం మధ్యలో ఎవరైనా లేచి మాట్లాడడం అదే మొదలట.

"శంకరం, ఒక మాట. ఆ రోజు అంత గట్టిగా సెప్పినావు, ఈ రోజు ఇంత సిన్నగా సెపుతున్నావు. రేపు ఇంకెవరో వచ్చి ఇది కూడా తప్పంటే?"

"గట్టిగా సెప్పింది సూడకు పిన్నీ. ముందూ ఎనకా సదివి సెప్పినాడా లేదా అని అడుగు. ఎవరినైనా అడుగు. నన్నూ అడుగు. ఇదిగో, మూడు అధ్యాయాలు. నీకు సూపు ఆనదు కాబట్టి ఇక్కడే సదువుతాను, నాను సెప్పింది అందులో లేకపోతే అందరి ముందూ ఆపీ."

చదివాడు. మూడు అధ్యాయాలూ. ఆవిడ నిలబడే వింది, కర్ర మీద బరువు మోపి. జైలు దగ్గరికి వచ్చేసరికి "ఓర్నాయనో, సెప్పినోణ్ణే జైల్లో ఎట్టించినాడా" అంది పైకే. కాళ్ళ జబ్బు దగ్గర పెదవులు కదుపుతూ, మాట మాటా తూచుకుంటున్నట్టు వింది. గ్రంథం మూశాడు. అందరూ ఆవిడకేసి తిరిగారు. నూకరాజు కూడా తల ఎత్తి ఆవిడ వైపే చూస్తున్నాడు.

"అంటే మాత్ర ఏసుకుని ప్రార్థన సేసుకోవచ్చా?"

"రెండూ సెయ్యాల పిన్నీ."

"పోయినసారి ఎందుకలాగన్నావురా మరి?"

"సదవలేదు పిన్నీ. క్షమించు."

కొడుకు అప్పటికే మాత్ర అట్టలోంచి తీసి, నీళ్ళ సీసా మూత తిప్పుతున్నాడు. ఆవిడ వాడి చెయ్యి పక్కకి నెట్టేసింది.

"పరగడుపునేటిరా మూర్ఖుడా! ఉత్త కడుపుతో ఏసుకుంటే కళ్ళు తిరుగుతాయని డాక్టరమ్మ పదేళ్ళుగా సెపుతాంది." బల్ల వైపు తిరిగింది. "నాయినా శంకరం, ముగింపు ప్రార్థన కొంచెం సిన్నది సెయ్యి. ఇంటికెళ్ళి అన్నం తిని మాత్ర ఏసుకోవాల."